తొలిపెనం గుక్క

మాత్రల అట్ట దొరకలేదు.

వంటింటి గూట్లో, ఉప్పుడబ్బా వెనక, రోజూ ఉండే చోట లేదు. కనకదుర్గ గూడంతా ఖాళీ చేసి డబ్బాలన్నీ నేలమీద పరిచింది. అత్తగారు అచ్చియ్యమ్మ మంచం దుప్పటి దులిపింది, దిండు గలీబు తిరగేసింది, చివరికి బియ్యం డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యిపెట్టి కెలికింది. ఇల్లంతా అలా తల్లకిందులవుతుంటే ఇంటి పెద్దకొడుకు సత్యారావు నూతిగట్టు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. తోమడం ఎప్పుడో అయిపోయింది. వేపపుల్ల పీచయింది. అయినా తోముతూనే ఉన్నాడు.

అట్ట అతని చొక్కా జేబులో ఉంది.

తెల్లారగట్ల పాలు పితకడానికి లేచినప్పుడు తీశాడు. తీసేదాకా తీస్తానని తనే అనుకోలేదు. గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లాడు, చెయ్యి గూట్లోకి పోయింది, అంతే. ఒక్క పూట ఇది కనబడకపోతే చాలు, ఒక్క పూట ఆ పూజ ఆగితే చాలు అనుకున్నాడు.

పూజ కాక మరేమిటి? తమ్ముడు గౌరీశంకర్ విశాఖపట్నంలో మందు మాన్పించే సెంటరు నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో రోజూ పొద్దున్న అదే తంతు. శంకరు తల దువ్వుకుని, నీళ్ల గ్లాసు పట్టుకుని అరుగుమీద బుద్ధిగా కూర్చుంటాడు. కనకదుర్గ చేతులు కడుక్కుని వచ్చి మాత్ర మరిది అరచేతిలో పెడుతుంది. మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. మింగాక వాడు నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపిస్తాడు. వెనకనుంచి ముసలమ్మ “నా తండ్రే” అంటుంది.

ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు చుక్క పడితే ప్రాణం మీదికొస్తుందట. ఆ భయమే కాపలా. ఇంట్లోవాళ్లెవరో ఒకరు తమ చేత్తో ఇచ్చి, మింగడం కళ్లారా చూడాలని సెంటరులో చెప్పి పంపారు. శంకరు పెళ్లాం నూకరత్నం అతని తాగుడు భరించలేక కూతురు చిన్నారిని తీసుకుని కె.కోటపాడు కన్నవారింటికి పోయి కూర్చుంది గనక, ఆ పని వదిన నెత్తిన పడింది.

పోయినేడు సత్యారావుకి టైఫాయిడ్ వచ్చింది. మాత్రలు తనే లేచి వేసుకున్నాడు. నాలుక చూపించమని ఎవరూ అడగలేదు.

“ఎలకలు గాని లాక్కుపోయాయేటే” అంది అచ్చియ్యమ్మ వంటింట్లోంచి.

“మందు మానే మాత్రలు ఎలకలకెందుకత్తా” అంది కనకదుర్గ. ఎవరికీ నవ్వు రాలేదు. ఆమె కొంగు నడుముకి దోపుకుని నూతి దగ్గరికొచ్చింది.

“పాలకి లేసినప్పుడు గూట్లో ఏదైనా సర్దేరా?”

సత్యారావు పుక్కిలించి ఉమ్మాడు. “గూటితో నాకేటి పని? అందులో నావేటున్నాయి?”

“నేనడిగింది అది కాదు.”

“నాకు తెలిసింది అదే.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. పాతిక సంవత్సరాల కాపరం చేసిన ఆడది మొగుడి ముఖంలో దేన్నో వెతికితే దొరక్కుండా పోదు. ఆ చూపు ముఖం దాటి కిందికి దిగేలోపు అతను తుండుగుడ్డ భుజాన వేసుకుని జేబు కప్పుకున్నాడు.

“పోనీలే వదినా” అన్నాడు శంకరు అరుగుమీంచి. “ఒక్కరోజుకి ఏటయిపోతాది.”

“ఒక్కరోజుకి ఏటయిపోతాది అన్న మాట నీ నోటంట ఎన్నిసార్లు విన్నానో నువ్వే సెప్పు శంకరూ.”

శంకరు తల వంచుకుని నవ్వాడు. ఒకప్పుడు ఇలాంటి మాట వింటే కంచం విసిరేవాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి ముసలమ్మ కళ్లొత్తుకుంది.

కంచం విసిరినవాడు విసరడం మానేస్తే కన్నీళ్లు. పుట్టిన దగ్గర్నుంచీ కంచం విసరనివాడికి ఏముంది? తిన్న కంచం కడుక్కోవడం ఉంది.

ఆ మాత్రలు చోడవరం షాపుల్లో ఉండవని, విశాఖ నుంచి తెప్పించాలని, సెంటరులో కౌన్సిలర్ కృపామణి డ్యూటీకొచ్చాక ఫోన్ చేసి అడుగుతానని కనకదుర్గ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఖాళీ గూట్లో తడుముతూనే ఉంది. ఏ రోజు తప్పినా తప్పొచ్చు గాని ఇవాళ తప్పకూడదని ఆమె బెంగ. ఇవాళ తొలిపెనం.

*

ఫ్యాక్టరీకి తోలవలసిన చెరకు తోలి, మిగిలింది రావికమతం రోడ్డు పక్కన సొంత గానుగలో ఆడి బెల్లం వండుకోవడం ఆ ఇంటి అలవాటు. ఏడాదిలో బెల్లం వండే పెద్ద పెనాన్ని మొదటిసారి ఎక్కించిన రోజు తొలిపెనం; ఆ రోజు పొయ్యికి కోడిని కోస్తారు. ఆకుదొప్పలో సారా పోసి, గ్రామదేవత మరిడమ్మ పేరు చెప్పి సగం పొయ్యి నోట్లో ధార పోస్తారు. తక్కిన సగం పాకం చూసేవాడు ఒక్క గుక్కలో తాగాలి. అమ్మవారి పేరుమీద ఎత్తిన దొప్పని మళ్లీ దించకూడదు, ఒలకబొయ్యకూడదు. ఒలికితే ఆ ఏడు పాకం విరిగిపోతుందని వాళ్ల నమ్మకం.

తండ్రి ఉన్నన్నాళ్లూ ఆ గుక్క ఆయనది. ఆయన తరవాత శంకరుది. చిన్నవాడైనా పాకం చూసే కన్ను వాడికే ఉంది. నురగ రంగు చూసి, తెడ్డు మీంచి జారే తీగ చూసి ‘ఇక దించండి’ అంటే దించాల్సిందే. ఆ తరవాత తాగుడు ముదిరి వాడు పెనం పక్కనే బోర్లా పడిపోవడం మొదలెట్టాక తెడ్డు సత్యారావు చేతికొచ్చింది.

సత్యారావు సారా ముట్టడు. అందుకని తెడ్డు తను పట్టి, గుక్క మాత్రం చిన్నాన్న గణపతిరావు చేత తాగించేవాడు. బెల్లం నల్లగా వచ్చింది. మరుసటేడు మరీ నలుపు. పాకం చూసేవాడొకడు, గుక్క తాగేవాడొకడైతే అమ్మోరికి మాత్రం కోపం రాదేటి అని ఊరు నవ్వింది. తాగుబోతుని చూసి నవ్వని ఊరు, తాగనందుకు అతన్ని చూసి నవ్వింది.

ఈ ఏడు అచ్చియ్యమ్మ వారం ముందే తీర్పు చెప్పేసింది. “తెడ్డు శంకరుకియ్యి సత్తియ్యా. ఆడి సెయ్యి పడితే బెల్లం బంగారం.” ఇమ్మంది గాని, ఇస్తావా అని అడగలేదు. గుక్క బదులు కొబ్బరినీళ్లు పోస్తే అమ్మవారేమీ అనుకోదని కనకదుర్గ అందరినీ ఒప్పించింది. అటు కె.కోటపాడు నుంచి నూకరత్నం కబురు పెట్టింది: కిందటేడు మూడు నెలలు మానేసిన మనిషి మళ్లీ మొదలెట్టింది ఆ పొయ్యి దగ్గరే, చిన్నాన్న మిగిల్చిన సీసాతో. ఈసారి తొలిపెనం చుక్క లేకుండా దాటితే మధ్యాహ్నానికి పిల్లతో సహా వచ్చేస్తాను. వాసన తగిలిందా, వచ్చిన ఆటోలోనే వెనక్కి పోతాను. ఇంక నన్ను పిలవకండి.

శంకరు కాపరం ఇవాళ ఆ దొప్పలో ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సత్యారావుకి మరీ బాగా తెలుసు.

*

నిన్నటి మీటింగు గాని లేకపోతే అతని చెయ్యి గూట్లోకి పోయేది కాదేమో.

గంజాయి, మందు జోలికి పోవద్దని పిల్లలకి చెప్పడానికి డ్వాక్రా సంఘం ఆడవాళ్లు చోడవరం హైస్కూల్లో పెట్టిన మీటింగు అది. కృపామణి శంకరుని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టింది. మొదట్లో వాడు మైకుని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. వణుకుతాడు, నత్తి పడతాడు, దిగిపోతాడు అని వెనక బెంచీలో కూర్చున్న సత్యారావు ఎదురుచూశాడు. వాడు దిగలేదు.

“గంజాయి ఎవడో బయటోడు తెచ్చి మీకమ్ముతాడనుకుంటన్నారు. అలాటోళ్లూ ఉన్నారు” అన్నాడు శంకరు. “నాకైతే అలా రాలేదు. మొదటి గుక్క పోసింది నన్ను ముద్దుసేసిన సెయ్యే. మా పొయ్యి కాడ, అమ్మోరి పేరు సెప్పి పోసేరు. వద్దంటే మర్యాద కాదనుకున్నాను. మీ ఇంట్లో మీకెవరైనా పేమగా పోస్తే దండం పెట్టి వద్దనండి. పెద్దోళ్ల మీద కోపం అక్కర్లేదు. వద్దనడం సాలు.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక నిలబడి గోల చేస్తున్న పదో తరగతి మగపిల్లలు కూడా గోల ఆపారు. హెడ్మాస్టరు శంకరుకి శాలువా కప్పాడు.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సారా చుక్క నోట పెట్టని సత్యారావు మీటింగయ్యాక కుర్చీలు మడతపెట్టాడు. ఎవరో పంతులమ్మ వచ్చి మీరేమవుతారని అడిగితే అన్ననని చెప్పాడు. అలాంటి తమ్ముడుండడం అదృష్టమండీ అని ఆవిడ మురిసిపోయింది.

కృపామణి ఒక్కతే అతని దగ్గరికొచ్చి వేరే మాట మాట్లాడింది. “తాగనివాళ్ల కోసం కూడా మా దగ్గర నెలకోసారి మీటింగుంటాదండి సత్యారావు గారూ. తాగినవాడితో పాటు ఇంట్లోవాళ్లూ నలిగిపోతారు గదా. మీరూ ఓసారి రండి.”

“నాకేటి రోగం?” అన్నాడతను.

ఆమె బలవంతపెట్టలేదు. అడిగినందుకు లోపలెక్కడో ఏదో కదిలింది. కదిలినదాన్ని అక్కడే తొక్కిపెట్టి కుర్చీలు మొయ్యడానికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక అచ్చియ్యమ్మ ఆ శాలువాని దేవుడి పటం పక్క మేకుకి తగిలించింది. అది సత్యారావు చొక్కా తగిలించుకునే మేకు. మరి చొక్కా ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. చొక్కాతోనే పడుకున్నాడు.

*

గానుగ దగ్గరికి అందరికంటే ముందు సత్యారావే చేరాడు. కూలీల చేత పెనం తోమించాడు. పొయ్యిలోకి ఎండిన చెరకుపిప్పి పోగేయించాడు. రసం పెనంలోకి దిగుతోంది. కనకదుర్గ ఇచ్చిన కొబ్బరిబొండం సంచీలో ఉంది.

గణపతిరావు గట్టు మీద నుంచి దిగుతూనే చిటపటలాడాడు. చంకలో తుండుగుడ్డ చుట్టిన సీసా ఉంది. మీటింగు సంగతి ఆయన చెవిన అప్పుడే పడింది.

“మనింటి పొయ్యిని తీసుకెళ్లి మైకులో పెట్టేడటగా నీ తమ్ముడు. నానేదో ఆడికి విసం పోసినట్టు. మీ నాన్న నాకు పోస్తే నాను తాగలేదా? నాను సెడిపోయేనా?”

చెడిపోయాడో లేదో ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు.

“సర్లే, సెప్పు. దొప్పలో ఇది పొయ్యాలా, నీ పెళ్లాం పంపిన కొబ్బరినీళ్లు పొయ్యాలా? ఇంటికి పెద్దోడివి నువ్వు. నువ్వెలాగంటే అలాగే.”

ఇంటికి పెద్దోడివి. ఆ మాట విని ఎన్నాళ్లయిందో. అప్పులవాళ్లు వచ్చినప్పుడు, తమ్ముడిని డ్రైనేజీలోంచి లేపుకెళ్లమని పోలీసులు ఫోన్ చేసినప్పుడు అన్నారు ఆ మాట. మంచి పనికి అనడం ఇదే మొదలు.

సత్యారావు లోపల లెక్క వేసుకున్నాడు. మాత్ర ఇవాళ పడలేదు. పడలేదు గనక గుక్కెడు తాగినా వాడి ఒంటికి ఏమీ కాదు. వాసన మాత్రం వస్తుంది. నూకరత్నం వచ్చేసరికి ఆ వాసన ఉంటుంది. చంపాలని కాదు, పడగొట్టాలని కూడా కాదు. ఆ శాలువా మేకు మీంచి దిగితే చాలు.

“పద్దతి పద్దతే గదా సిన్నాన్నా” అన్నాడు. “తాతల కాలం నాటిది నాను మారుస్తానా.”

బొండం ఉన్న సంచీని కాలితో పిప్పికుప్ప వెనక్కి తోసేశాడు.

*

శంకరు వచ్చి చెప్పులు దూరంగా విడిచి పెనానికి దండం పెట్టాడు. పక్క రైతు గానుగలోంచి ఇనప బొచ్చెతో నిప్పులు తెచ్చి పొయ్యిలో పోశారు. కొన్ని పొయ్యి నోటి దగ్గరే రాలి బూడిద కింద ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఎండుపిప్పి అంటుకుంది. కోడిని కోశారు. గణపతిరావు దొప్ప నింపి, మరిడమ్మని పిలిచి సగం పొయ్యిలోకి ధార పోశాడు.

కొబ్బరినీళ్లయితే చుయ్యిమనాలి. మంట గుప్పున నీలంగా లేచింది.

కూలీలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. గణపతిరావు మిగతా సగం ఉన్న దొప్పని శంకరు రెండు చేతుల్లో పెట్టాడు.

శంకరు దాన్ని వాసన చూడలేదు. చూడనక్కర్లేదు. వాడు చిన్నాన్న వైపు చూడలేదు. అన్న వైపు చూశాడు.

“అన్నయ్యా, ఇవి కొబ్బరినీళ్లు కావు.”

“అమ్మోరి దొప్ప అది. ఎత్తేక దించకూడదు” అన్నాడు గణపతిరావు.

“నాను అన్నయ్యని అడుగుతన్నాను.” వాడి గొంతు మెల్లగానే ఉంది. “దండం పెట్టి వద్దనమని నిన్న పిల్లలకి సెప్పేను. ఇక్కడ నా రెండు సేతులూ దొప్పకే సరిపోయేయి. నువ్వు ఎప్పుడూ తాగినోడివి కాదు. నీకు తెలుస్తాది. ఏటి సెయ్యమంటావు?”

నువ్వు ఎప్పుడూ తాగినోడివి కాదు. ఈ మాట ఒక్కసారి, ఎవరైనా ఒక్కరు, నలుగురిలో అంటారేమోనని సత్యారావు సగం జీవితం ఎదురుచూశాడు. ఇవాళ అన్నారు. ఈ పూటే అన్నారు.

అతని నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. “ఒక్క గుక్కే గదా. అమ్మోరి పేరుమీద. మాత్ర కూడా వెయ్యలేదు గదా ఇవాళ.”

శంకరు తల ఊపాడు. ఆ ఊపిన తీరు సత్యారావు చూశాడు. అందులో బాధ లేదు. ఎవరో ఒకరు సరే అంటే చాలునని వాడిలో ఎవరో ఇన్నాళ్లూ తలుపు వెనక నిలబడి ఉన్నట్టుంది. శంకరు కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ అమ్మవారికి మొక్కుకోవడం మొదలెట్టాడు.

అప్పుడొచ్చింది కనకదుర్గ, చేతిలో అన్నం క్యారేజీతో. వెనక గట్టుమీద అచ్చియ్యమ్మ మెల్లగా నడిచొస్తోంది. కనకదుర్గ ముఖం పొద్దుటికంటే తేటగా ఉంది. వచ్చి మొగుడి పక్కన నిలబడి, మొక్కు చెడకుండా గొంతు తగ్గించి చెప్పింది.

“కృపామణి గారితో మాట్లాడేను. కంగారేటీ లేదంట. ఒక్కరోజు తప్పితే పోయే మాత్ర కాదంట అది. పది పదిహేను రోజులదాకా ఒంట్లోనే ఉంటాదంట.”

సత్యారావు దొప్ప మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

“అంటే?”

“అంటే, ఈయాళ వెయ్యకపోయినా ఏసినట్టే. చుక్క పడితే గుండె అదిరిపోయి, బీపీ పడిపోయి మనిషి దక్కకపోవచ్చంట. మరీ మరీ సెప్పింది.” ఆమె శంకరు చేతిలో దొప్ప చూసి చిన్నగా నవ్వింది. “మంచిపని సేసేం, కొబ్బరినీళ్లు పెట్టేం. లేపోతే ఏటయ్యేదో.”

శంకరు కళ్లు తెరిచాడు. దొప్ప ఎత్తాడు.

వద్దని అరవాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. అందులో ఏముందో చెప్పాలి, ఎవరు పొయ్యమన్నారో చెప్పాలి. కొట్టి పారబోద్దామంటే అమ్మవారి దొప్ప. బుర్ర ఇన్ని ఆలోచిస్తుండగానే కాళ్లు వెళ్లిపోయాయి. పెదాలకి బెత్తెడు దూరంలో ఉన్న దొప్పని సత్యారావు రెండు చేతులతో లాక్కుని, ఒక్క చుక్క ఒలకకుండా తన నోట్లో వంచేసుకున్నాడు.

గొంతులో నిప్పు దిగింది. దిగి, కడుపులో పరుచుకుంది. నిన్నటినుంచీ, కాదు, ఎన్నో ఏళ్లుగా రొమ్ములో గుచ్చుకుంటున్న ముల్లేదో ఒక్క క్షణం వదులైంది. హాయిగా ఉంది. ఆ హాయికి సత్యారావు హడలిపోయాడు. దీనికోసమా వీడు కంచాలు విసిరింది?

“నీక్కావాలంటే ముందే అడగొచ్చు గదరా” అని గణపతిరావు పగలబడి నవ్వాడు.

అచ్చియ్యమ్మ అప్పుడే గట్టు దిగింది. పెద్దకొడుకు చేతిలో ఖాళీ దొప్ప, చిన్నకొడుకు ఖాళీ చేతులు చూసింది. ఆమెకి అంతకంటే ఏమీ తెలియదు. “ఆఖరికి అమ్మోరి గుక్క మీద కూడా కుళ్లేనా సత్తియ్యా” అంది. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది.

సత్యారావుకి జవాబు చెప్పాలనిపించింది. నోరు తెరిస్తే దగ్గు తన్నుకొచ్చింది. అలవాటు లేని గొంతు. మోకాళ్లమీద చేతులానించి వంగి దగ్గుతుంటే భుజం మీంచి తుండుగుడ్డ జారింది. దాని వెనకే చొక్కా జేబులోంచి మెరుస్తూ ఒక వెండిరంగు అట్ట జారి, పొయ్యి ముందు బూడిదలో పడింది.

పడడం ఒక్కడే చూశాడు.

శంకరు ఒక అడుగు ముందుకేసి అన్న వీపు రాయడానికన్నట్టు పక్కకొచ్చాడు. చెప్పుల్లేని కుడిపాదం ఆ అట్టమీద ఆనించి నిలబడ్డాడు. వంగిన సత్యారావు కళ్లకి ఆ పాదమే కనబడుతోంది. తల కొంచెం ఎత్తాడు. తమ్ముడు అతన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, ఎందుకు చేశావన్న ప్రశ్న కూడా లేదు. పట్టుబడినవాడిని చూసే చూపు అది, తను పట్టుబడిన రోజులు మర్చిపోనివాడు చూసే చూపు.

దానికంటే నలుగురిలో చెంపమీద కొట్టినా బాగుండేది.

రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడైంది. “నాన్నా” అని ఆడపిల్ల గొంతు వినబడింది. కూలీలు అటు తిరిగారు. అచ్చియ్యమ్మ అటు తిరిగింది.

కనకదుర్గ తిరగలేదు. ఆమె క్యారేజీ కింద పెట్టి మొగుడి దగ్గరికొచ్చింది. అతని నోటి దగ్గర ఆగి గాలి పీల్చింది. కొబ్బరినీళ్ల వాసన కాదు. ఆమె కళ్లు పిప్పికుప్ప వెనక తొంగిచూస్తున్న సంచీ మీదికి వెళ్లాయి. అక్కణ్నుంచి అతని చొక్కా జేబు మీదికి. అక్కణ్నుంచి నెమ్మదిగా కిందికి, మరిది పాదం మీదికి.

పాదం చుట్టూ బూడిదలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. శంకరు నుదుట చెమట కారుతోంది. అయినా కదలడంలేదు.

“శంకరూ” అంది కనకదుర్గ. “అవి నిప్పులు. అడుగు వెనక్కెయ్యి.”

“పర్లేదు వదినా.”

“వెనక్కెయ్యి అంటన్నాను” అంది ఆమె. అంటున్నది మరిదితో. చూస్తున్నది మొగుడి వైపు.